ఎడిటింగ్ చేసినా ఫోటో సహజంగా ఉండాలంటే ఎక్కడ ఆపాలి?

తమ్ముడూ, గండికోటలో మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలు, మీ అక్క పెళ్ళిలో నలుగు రోజున తీసిన ఫోటోలు ఎడిట్ చేయకుంటే చప్పగా ఉన్నాయని, చేస్తే క్యాలెండర్ బొమ్మల మాదిరి అయిపోతున్నాయని రాసినావు. ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆపాలి అని అడిగినావు. నువ్వు పెట్టిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూసినా. ప్రొద్దుటూరులో నాకు స్టూడియో ఉంది, ఫిల్మ్ రోజుల నుంచి ఇదే పని. కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

నేను పెట్టుకున్న లెక్క ఇది. ఫోటో చూస్తే అది ఏ పూట తీసిందో తెలియాలి. అందులో ఉన్న మనిషి తన రంగును తాను గుర్తుపట్టాలి. ఈ రెండూ నిలబడినంతవరకు ఎంత ఎడిట్ చేసినా కంటికి ఇబ్బంది ఉండదు. ఇందులో ఏ ఒక్కటి పోయినా, స్లైడర్ 10 దగ్గర ఉన్నా సరే, అది ఎక్కువైనట్టే. నీ ఫోటోల్లో గండికోటవి మొదటిదాన్ని పోగొట్టుకున్నాయి, నలుగు ఫోటోలు రెండోదాన్ని.

గండికోటది ముందు చూద్దాం. లోయ అంచు నుంచి కిందికి పెన్నా కనిపించేట్టు తీసినావు, చోటు బాగా ఎంచుకున్నావు. కానీ షాడోస్ (నీడ భాగాల వెలుగు) మొత్తం పైకి లాగినావు, హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) మొత్తం కిందికి దించినావు. ఏమైందో చూడు. బండల సందుల్లో ఉన్న నీడ, ఎండ తగిలే బండ, రెండూ దాదాపు ఒకే వెలుగులోకి వచ్చేసినాయి. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో నీడ నల్లగా, పొట్టిగా, అంచు కోసినట్టు ఉంటుంది. మన సీమ ఎండలో తిరిగినవాడికి అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ నీడను లేపేస్తే బండకు లోతు పోతుంది, పూట పోతుంది. చూసేవాడు కారణం చెప్పలేడు, ‘ఏదో తేడాగా ఉందే’ అంటాడు, అంతే. నీడలో ఏముందో లీలగా తెలిస్తే చాలు. నేను షాడోస్ 25, 30 దాటించేది తక్కువ. అంతకన్నా కావాల్సి వస్తే ఫోటో మొత్తానికి లేపను, అవసరమైన చోట మాత్రం బ్రష్‌తో లేపుతా.

ఇంకొకటి. బండ అంచు ఆకాశాన్ని తాకే చోట వంద శాతానికి జూమ్ చేసి చూడు. సన్నటి తెల్ల గీత ఒకటి బండ పొడవునా పోతుంటుంది. క్లారిటీ, షార్ప్‌నెస్ రెండూ ఎక్కువైతే వచ్చే గీత అది. ఈ టూల్స్ చేసేదంతా అంచుకు ఒక పక్క ముదురు చేయడం, ఇంకో పక్క లేత చేయడమే. కొంచెమైతే కంటికి పదునుగా తోస్తుంది, ఎక్కువైతే గీతగా బయటపడుతుంది. ఆ గీత కనిపించిందంటే, అది మాయమయ్యేంతవరకు క్లారిటీ దించు. అక్కడికి వచ్చిన అంకె నీకు నచ్చకపోయినా అదే నీ హద్దు.

లేపాక్షి నంది దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఒకే రాతిలో చెక్కిన నంది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల దండలు, వీపు మీద కప్పిన వస్త్రం మడతలు ఎంతో సన్నగా ఉంటాయి. మధ్యాహ్నం పోయి తీస్తే ఆ చెక్కడం అంతా అణిగిపోయి కనిపిస్తుంది, ఇంటికొచ్చి క్లారిటీ 70 పెడతారు, రాయి కాస్తా తుప్పు పట్టిన ఇనుము మాదిరి అవుతుంది. పొద్దున్నే వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే ప్రతి గంట కింద దాని నీడ దానికి పడుతుంది. అప్పుడు క్లారిటీ 10 కూడా అక్కర్లేదు. ఎడిటింగ్‌లో సగం కష్టం ఏ గంటకు పోయి తీసినామన్న దాంట్లోనే ఉంది.

డీహేజ్ గురించి కూడా చెప్పాలి. ఎండాకాలం మన దగ్గర ఆకాశం నీలంగా ఉండదు, దుమ్ముతో, వేడితో తెల్లగా పాలిపోయి ఉంటుంది. డీహేజ్ ఆ తెలుపును తీసేటప్పుడు కాంట్రాస్ట్‌తో పాటు రంగును కూడా పెంచుతుంది. నీ ఫోటోలో దూరపు కొండలు నీలం, దగ్గరి బండలు ఎర్ర రంగు పూసినట్టు అయ్యింది అందుకే. దూరం పోయే కొద్దీ మసకబారడం దూరానికి గుర్తు. మొత్తం తీసేస్తే అవతలి గట్టు ఇవతలి గట్టుకు అతుక్కున్నట్టు ఉంటుంది. 10, 15 పెట్టి, శాచురేషన్ (రంగు చిక్కదనం) అంతే మోతాదులో వెనక్కి తీసుకో.

రెండో గండికోట ఫోటోలో ఆకాశమే మార్చేసినావు. సాయంత్రం మబ్బులు, బంగారు రంగు. కింద బండల మీద మాత్రం నడినెత్తి ఎండ పడుతోంది, నీడలు అడుగు కూడా లేవు, నీళ్ళలో పాత తెల్ల ఆకాశం అట్లే ఉంది. ఆకాశం మారిస్తే వెలుగు వచ్చే వైపు, ఆ వెలుగు రంగు, నీళ్ళలో ప్రతిబింబం, అన్నీ మారాలి. యాప్ నీళ్ళలో ప్రతిబింబం వరకు ఏదో ఒకటి మారుస్తుంది కానీ బండ మీద ఎండను మార్చలేదు. నా మాట విని ఆకాశం జోలికి పోవద్దు. పెద్దపెద్దవాళ్ళకు కూడా ఇది మచ్చ తెచ్చిపెట్టింది. 1982 ఫిబ్రవరి సంచిక అట్టమీద నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు గిజా పిరమిడ్లను నిలువు అట్టలో పట్టేట్టు కంప్యూటర్ మీద దగ్గరికి జరిపినారు. నలభై ఏళ్ళు దాటినా ఫోటోల నిజాయితీ గురించి మాట వస్తే ఇప్పటికీ దాని పేరే ఎత్తుతారు. 2006లో బాంబు దాడి తర్వాత బీరూట్ మీద లేచిన పొగను క్లోన్ చేసి (కాపీ కొట్టి అతికించి) ఎక్కువ చూపించిన ఫోటోను రాయిటర్స్ వార్తా సంస్థ వెనక్కి తీసుకుంది. నీది పత్రికకు పోయే ఫోటో కాదు, నిజమే. అయినా గండికోటకు పోయి వచ్చినవాడు నీ ఫోటో చూస్తాడు కదా.

పచ్చదనం మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. ఏప్రిల్‌లో సీమలో గడ్డి పచ్చగా ఉండదు, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. దాన్ని పచ్చగా చేస్తే ఫోటో కోనసీమకు పోతుంది. వాన పడినాక తీసిన చెనిక్కాయ చేను కూడా నిమ్మకాయ రంగులో మెరవదు. గడ్డి, ఆకులు సరిచేయాలనుకుంటే ఆకుపచ్చ స్లైడర్ కన్నా ముందు పసుపు స్లైడర్ పట్టుకో. మనకు ఆకుపచ్చగా కనిపించే ఆకులో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ లెక్కలో పసుపు కిందికే వస్తుంది. పసుపు శాచురేషన్ కొంచెం దించితే చాలు, ఆకు ఆకులాగా నిలబడుతుంది.

ఇక నలుగు ఫోటోలు. నా మనసు ఎక్కువ పట్టింది వీటి మీదే, ఎందుకంటే ఇవి మనుషులవి.

ఫ్రేములో ఏముందో చూడు. మీ అక్క ముఖానికి, చేతులకు పసుపు. కట్టుకున్నది పసుపు చీర. వెనక బంతిపూల దండలు. ఎక్కడ చూసినా పసుపే. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (వెలుగు రంగును బట్టి ఫోటో రంగును తానే సరిచేసుకునే పద్ధతిలో) ఉంటే దానికి ఇది నలుగని తెలియదు, ఇక్కడ పడే వెలుగే పసుపు రంగులో ఉందేమో అనుకుంటుంది. అనుకుని నీలం కలుపుతుంది. దాంతో పసుపు పాలిపోయి, కంటి తెల్లగుడ్డు నీలంగా, పసుపు తగలని మెడ దగ్గర చర్మం బూడిద రంగులో వచ్చింది. నువ్వు అది గమనించినావు, కానీ జబ్బు ఒకటైతే మందు వేరేది వేసినావు. ఆరెంజ్ ల్యూమినెన్స్ (నారింజ రంగు ఎంత వెలుగ్గా ఉండాలో చెప్పే స్లైడర్) పెంచేసినావు. దాంతో ముఖం మీద పౌడరు అద్దినట్టు అయింది.

దాన్ని ఇట్లా సరిచేయి. నలుగు ఇంటి ముందర నీడలో పెట్టినారా, ఎండలో పెట్టినారా గుర్తు తెచ్చుకో. వెలుగు రంగును కెల్విన్ అనే అంకెలో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండ వెలుగు 5500 కెల్విన్ దగ్గర ఉంటుంది, ఆరుబయట నీడలో 7000కు అటూ ఇటూ, పాత పసుపు బల్బు కింద 2700 నుంచి 3000. రా ఫైల్ (కెమెరా పట్టినదాన్ని కుదించకుండా ఉంచే ఫైల్) ఉంటే ఆ అంకెను నేరుగా పెట్టెయ్. ఆ చోట, ఆ వెలుగులో తీసిన ఫోటోలన్నిటికీ అదే అంకె పెట్టు, ఒక్కోదానికి విడిగా ఆటో కొట్టవద్దు. లేకుంటే ఆల్బమ్‌లో పక్కపక్క ఫోటోల్లో ఒకే మనిషి రెండు రంగుల్లో వస్తుంది.

వైట్ బ్యాలెన్స్ కోసం ఐడ్రాపర్‌తో (ఫోటోలో ఒక చోటును ఎంచుకునే టూల్) తెల్లటి వస్తువు మీద నొక్కమని అందరూ చెప్తారు. ఆ తెల్లటి వస్తువును చూసి ఎంచుకో. మన ఇళ్ళలో తెల్ల పంచెలకు, తువ్వాళ్ళకు నీలిమందు పెడతారు. ఆ పంచె మీద నొక్కితే దాంట్లో ఉన్న నీలాన్ని తీసేయడానికి సాఫ్ట్‌వేర్ ఫోటో మొత్తాన్ని పసుపు చేస్తుంది. మల్లెపూలు పూర్తి తెలుపు కాదు. తెల్ల కాగితంలో కూడా తెల్లగా మెరవడానికి కలిపే మందులుంటాయి. గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట) ఒకటి కొని బ్యాగులో పడేసుకో. చోటు మారినప్పుడల్లా, వెలుగు మారినప్పుడల్లా దాన్ని చేత్తో పట్టుకోమని ఒక ఫోటో తీసుకుని, ఐడ్రాపర్‌ను దాని మీద నొక్కు. నిమిషం కూడా పట్టదు.

వైట్ బ్యాలెన్స్ కుదిరినాక బుగ్గను దగ్గరగా చూడు. పసుపు ఆరిపోయిన చోట పొడిపొడిగా, లేత రంగులో ఉంటుంది. తడి ఉన్న చోట ముదురుగా, వెలుగు తగిలి మెరుస్తూ ఉంటుంది. చేతివేళ్ళతో పూసిన చారలు గడ్డం కింది దాకా కనిపిస్తాయి. ఈ తేడాలన్నీ కనిపిస్తేనే అది నలుగు. నీ ఫోటోలో శాచురేషన్ ఎక్కువై తడి, పొడి, చార అన్నీ కలిసిపోయి ఒకే పసుపు ముద్ద అయింది. పసుపు శాచురేషన్ 10, 15 దించి, పసుపు ల్యూమినెన్స్ కూడా కొంచెం దించు. పొడి, తడి విడిపోయి బయటికొస్తాయి. రంగు చాలలేదనిపిస్తే శాచురేషన్ కన్నా వైబ్రెన్స్ వాడు. అది ఇప్పటికే ముదురుగా ఉన్న రంగుల్ని అంతగా కదిలించదు, చర్మం రంగును కాపాడుతుంది.

చర్మం రంగు కుదిరిందా లేదా అని కంటికి అనుమానమొస్తే అంకెలు చూడు. ముఖం మీద కర్సర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలు వస్తాయి. మామూలు వెలుగులో మనిషి చర్మం నలుపైనా తెలుపైనా ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. నీలం ఆకుపచ్చను దాటిందంటే ముఖం కమిలినట్టు, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఈ వరుస చెడకుండా చూసుకో. ఫోటోలో మనిషి నల్లగా ఉంటే నల్లగానే ఉండనీ. వెలుగు తక్కువైతే ఎక్స్‌పోజర్ పెంచు, అది వేరే పని. మనిషి రంగు మార్చడం మన పని కాదు.

పందిరి సంగతి వేరు. కొబ్బరాకుల పచ్చటి పందిరి కింద ముఖం మీద ఆకుపచ్చ పడుతుంది, ఎర్ర షామియానా కింద ఎరుపు పడుతుంది. అది ఆ చోటు వెలుగే కాబట్టి మొత్తం తీసేయవద్దు, కానీ చర్మానికి మాత్రం బ్రష్ పెట్టి టింట్ (పడిన రంగు ఛాయ) కొంచెం వెనక్కి తే. సగం వదిలేయ్. పందిరి కింద కూర్చున్నారని తెలియాలి కదా.

పెళ్ళి ఫోటో ఒకటి, ముహూర్తం వేళదనుకుంటా. ధర్మవరం పట్టు, ఎర్ర రంగు, వెడల్పు జరీ. చీర మడతలు పోయి ఎర్ర కాగితం అతికించినట్టు ఉంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తే ఓవర్ అయినట్టు కనిపించదు, అందుకే నువ్వు పట్టుకోలేకపోయినావు. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టి చూడు, ఎరుపు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. ఆ చానెల్ 255కు చేరిపోయినాక మడత పైభాగం, లోపలి భాగం ఒకే అంకె అయిపోతాయి. ఎక్స్‌పోజర్ దించితే ముఖం చీకటవుతుంది. ఎరుపు శాచురేషన్ మాత్రం దించు, ఎరుపు ల్యూమినెన్స్ కొంచెం దించు, మడతలు వాటంతటవే వస్తాయి. పట్టు చీర నేసినవాళ్ళ కష్టమంతా ఆ మడతల్లో మెరిసే నిగనిగలోనే కనిపిస్తుంది, అది పోగొట్టవద్దు.

ఇదంతా జేపెగ్‌లో (కెమెరా, ఫోన్ మామూలుగా ఇచ్చే ఫోటో ఫైల్) కూడా చేయొచ్చు, కానీ తక్కువ దూరమే పోగలవు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384. ఆకాశాన్ని కొంచెం లాగంగానే చారలు చారలుగా విరిగిపోయేది మెట్లు చాలకే. ఇకమీదట రాలో తియ్. లైట్‌రూమ్‌కు డబ్బు పెట్టలేకుంటే డార్క్‌టేబుల్ ఉచితం, ఫోన్‌లో స్నాప్‌సీడ్ కూడా ఉచితమే, రా తెరుస్తుంది.

ఇక టచింగ్. మా ఉస్తాద్ దగ్గర కడపలో నేను పని నేర్చుకున్నప్పుడు కంప్యూటర్ లేదు, నెగెటివ్ మీదనే టచింగ్. పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద సూది మాదిరి వచ్చేదాకా అరగదీసేవాడు. నెగెటివ్‌ను వెలుగుపెట్టె మీద పెట్టి, భూతద్దం పట్టుకుని, కంటి కింద నలుపు ఉన్న చోట మాత్రం చుక్కలు చుక్కలుగా పెట్టేవాడు. నెగెటివ్‌లో అక్కడ పలచగా ఉంటుంది, పెన్సిల్ మసి పడితే ప్రింట్‌లో ఆ చోటు లేత అవుతుంది. మసి ఎక్కువైతే కంటి కింద తెల్ల మచ్చ లేస్తుంది, మళ్ళీ తుడవడం కష్టం. అందుకే పది చుక్కలు పెట్టి ఆపేవాడు, ప్రింట్ వేసి చూసేవాడు, చాలకుంటే మళ్ళీ ఐదు. ముడత పూర్తిగా పోయేంతవరకు ఏ రోజూ చేయలేదు. ఇప్పుడు హీలింగ్ బ్రష్‌తో ఒక్క నొక్కుకు ముడతే లేకుండా పోతుంది, అదే ప్రమాదం.

కొన్నేళ్ళ కింద నేనే ఈ తప్పు చేసినా. జమ్మలమడుగు వైపు నుంచి ఒకామె వాళ్ళ జేజి (అవ్వ) పోయినాక చిన్న ఫోటో తెచ్చి, దినాలకు పటం కట్టించాలి అన్నది. బాగా చేసి ఇవ్వాలన్న ఆరాటంతో ముడతలు తీసేసినా, రంగు లేత చేసినా, నుదుటి మీద పచ్చబొట్టు మసకగా ఉంటే మరక అనుకుని చెరిపేసినా. ఆమె పటం చేతికి తీసుకుని చాలాసేపు చూసి, ‘బాగుందన్నా, కానీ మా జేజి కాదు ఈమె’ అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రాత్రే కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చేసినా. పచ్చబొట్టు నిలిపి, ముడతల్లో ఒక్కటి కూడా తీయకుండా, పాత కాగితం మీది గీతలు, మరకలు మాత్రం తీసి, కాంట్రాస్ట్ సరిచేసి పొద్దున్నే ఇచ్చినా. పటం గుండెకు ఆనించుకుని ఏడ్చింది.

అప్పటి నుంచి పది రోజుల్లో దానంతటదే పోయేది ఏదో, పోనిది ఏదో చూసి టచింగ్ చేస్తున్నా. మొటిమ, దోమకాటు, కాటుక చెదిరిన మరక తీసేస్తా. పుట్టుమచ్చ, గాటు, పచ్చబొట్టు ముట్టుకోను, వాళ్ళే అడిగితే తప్ప. కంటి కింద నలుపు వేరే లేయర్ మీద తీసి, ఆ లేయర్ ఒపాసిటీ (ఎంత కనిపించాలో చెప్పే అంకె) 40కి దించుతా. పళ్ళకు పసుపు శాచురేషన్ కొంచెం తగ్గిస్తా, తెల్ల సున్నం చేయను. చర్మాన్ని నున్నగా చేసే ఫిల్టర్లు రంధ్రాలను కూడా తుడిచేస్తాయి, రంధ్రాలు లేని చర్మం మైనం బొమ్మకే ఉంటుంది. నీ మూడో ఫోటోలో మీ అక్క చెవి దగ్గర చర్మం మామూలుగా ఉంది, బుగ్గ మైనంలా ఉంది, ఆ రెండిటి మధ్య గీత కనిపిస్తోంది. నడుము సన్నం చేసినావు కూడా, వెనక ఉన్న గడప చట్రం వంగింది చూసుకో. అది తీసేయ్.

స్క్రీన్ విషయం రెండు మాటల్లో. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉండే పసుపు మోడ్ ఆన్‌లో పెట్టుకుని ఎడిట్ చేస్తే రంగులన్నీ నీలానికి పోతాయి. ముందు అది ఆపు. వెలుగు మొత్తం పెంచుకుని చేస్తే ల్యాబ్ నుంచి ప్రింట్ చీకటిగా వస్తుంది. సగం కన్నా కొంచెం ఎక్కువ పెట్టుకో చాలు. ల్యాబ్‌కు, వాట్సాప్‌కు ఏదైనా ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగ్‌లోనే పంపు. ఆల్బమ్ షీట్లు వేయించేముందు ఒక్క ఫోటో చిన్న సైజు ప్రింట్ తీయించి, బయటి నీడలో పట్టుకుని చూడు.

ఎడిట్ చేసినంతసేపు కన్ను దానికి అలవాటు పడిపోతుంది, ఎడిట్‌కు ముందుది, తర్వాతది పక్కపక్కన పెడితే ఎప్పుడూ ఎక్కువ రంగుదే గెలుస్తుంది. అందుకే రాత్రి చేసింది పొద్దున్నే లేవగానే ఒకసారి చూడు. చూడంగానే ఎడిటింగ్ కనిపిస్తే ప్రతి స్లైడర్‌ను మూడో వంతు వెనక్కి తీసుకో. నేను ఇప్పటికీ ఇట్లాగే చేస్తా.

గండికోట ఫోటోల మీద ఇక ఎక్కువ తంటాలు పడవద్దు. మొదటిదాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. ఆ నడినెత్తి ఎండ, ఆ నల్లటి నీడ, పగిలిన బండల పొరలు రంగు లేకపోతేనే బాగా నిలబడతాయి, ఏదీ దాచాల్సిన పని ఉండదు. రంగుల్లో కావాలంటే ఇంకోసారి పో, పొద్దు వాలేదాకా ఉండు.

నలుగు ఫోటోల్లో, మీ అక్క నవ్వుతూ మోచేత్తో కన్ను తుడుచుకుంటున్నది ఒకటి ఉంది కదా, దానికి రా ఫైల్ ఉందని రాసినావు. దాంతోనే మొదలుపెట్టు. చేసినవన్నీ రీసెట్ కొట్టి, వైట్ బ్యాలెన్స్ ఒక్కటి పెట్టి, ఇంకేమీ ముట్టుకోకుండా మీ అమ్మకు చూపించు. ఆమె ఏమన్నదో రాయి, మిగతావి అక్కడి నుంచి చూద్దాం.